పెరటి చెట్టుకు తొర్ర పడితే

ముదిరిన మామిడికో వేపకో తొర్ర పడినా చెట్టు పచ్చగానే ఉంటుంది. మాను నడిమి చెక్కలో చాలావరకు నిర్జీవ కణాలే. నీటినీ ఆహారాన్నీ మోసే పొరలు బెరడును ఆనుకుని ఉంటాయి. అందువల్ల లోపల పుచ్చినా కాపు ఆగదు. గాలిని తట్టుకునే బలం మాత్రం తగ్గుతుంది.

పుచ్చుకు మూలం గాయం. విరిగిన కొమ్మ, చీలిన బెరడు, మామిడిలో కాండం తొలిచే పురుగు చేసిన రంధ్రం, వీటిలో దేని ద్వారానైనా శిలీంధ్రాలు చొరబడి చెక్కను తినేస్తాయి. చెట్టు ఆ గాయాన్ని మాన్పుకోలేదు, చుట్టూ గోడ కట్టుకుంటుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది మానులను కోసి చూసి, 1970లలో ఈ సంగతి వివరించారు. గాయం చుట్టూ నీటి నాళాలు మూసుకుపోతాయి, కణాల్లో శిలీంధ్రాలను అడ్డుకునే రసాయనాలు చేరతాయి. ఆపైన పెరిగే కొత్త చెక్కకు పుచ్చు అంత తేలిగ్గా పాకదు.

తొర్రను ఉలితో గట్టిచెక్క దాకా చెక్కినా, నీరు పోయేందుకు బెజ్జం వేసినా ఈ గోడ తెగుతుంది. ఒకప్పుడు తొర్రల్లో సిమెంటు నింపేవారు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు కదలదు. మధ్య సందుల్లో తేమ నిలిచి పుచ్చు ముదురుతుంది. చేతికి ఊడివచ్చే పొట్టు, చెత్త తీసేస్తే చాలు. ఎండుకొమ్మను కోసేటప్పుడు దాని మొదట్లోని ఉబ్బును తాకకుండా, ఆ అంచు బయటే కోయాలి.

తర్వాత చూడాల్సింది బలం. మానును కొయ్యసుత్తితో తడితే డొల్ల ఉన్నచోట శబ్దం మారుతుంది. తొర్ర చుట్టూ గట్టిచెక్క మందం వ్యాసార్ధంలో మూడో వంతుకు తగ్గకూడదన్నది స్థూల లెక్క: 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మానుకు 10 సెంటీమీటర్లు. తొర్ర నోరు వెడల్పయితే ఇదీ చాలదు. మొదలు దగ్గర పుట్టగొడుగులు, కొత్తగా వచ్చిన వాలు, వేళ్ల దగ్గర నేల పగుళ్లు ప్రమాద సూచనలు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మహావృక్షంలో 2017 చివర్లో చెదలు తిన్న ఓ పెద్ద కొమ్మ కూలింది. అటవీ శాఖ సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించి, వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టించింది. పెరటి చెట్టుకూ కొమ్మల బరువు కొంత తగ్గించడం, ఊతమివ్వడం పనికొస్తాయి.

మాను ఇంటిపైకో దారిపైకో వాలితే ఉద్యాన అధికారులకు చూపించాలి. ఆ ముప్పు లేకపోతే తొర్రను అలాగే ఉంచాలి. చిలుకలు, పైడికంటెలు గూడు పెట్టుకునేది అందులోనే.