నిర్మాణ ఒప్పందాలలో నష్టభయ పంపిణీ

నిర్మాణ ఒప్పందము అనగా పని చేయించుకొను యజమానికి, పని చేయు గుత్తేదారుకు మధ్య కుదురు ఒడంబడిక. పనిలో రాగల నష్టమును, ఆలస్యమును ఎవరు భరించవలెనో ఇందులో ముందే వ్రాసుకొందురు. దీనినే నష్టభయ పంపిణీ లేదా రిస్కు పంపిణీ అంటారు. ఏ నష్టమును ఎవరు బాగా అదుపు చేయగలరో వారే దానిని భరించవలెనన్నది ఇందలి మూలసూత్రము.

ఫిడిక్ నమూనాలు

అంతర్జాతీయ పనులలో విరివిగా వాడు ప్రామాణిక ఒప్పందాలను ఫిడిక్ అను కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ప్రచురిస్తున్నది. ఇది 1913లో ఏర్పడినది. దీని 1999 నాటి నమూనాలలో మూడు ముఖ్యమైనవి. వీటిని 2017లో సవరించారు. అట్ట రంగును బట్టి వీటికి పేర్లు వచ్చినవి.

* ఎర్ర పుస్తకం: డిజైను ప్రధానంగా యజమానిది. జరిగిన పనిని కొలిచి సొమ్ము చెల్లిస్తారు.
* పసుపు పుస్తకం: డిజైను గుత్తేదారుది. ధర సాధారణంగా ఏకమొత్తము.
* వెండి పుస్తకం: డిజైను మొదలు పూర్తిచేసి అప్పగించువరకు బాధ్యత, అధిక నష్టభయము గుత్తేదారువే.

ఉదాహరణకు పునాది తవ్వకంలో, అనుభవజ్ఞుడైన గుత్తేదారు కూడా ముందుగా ఊహించలేని రాతిపొర తగిలినచో మొదటి రెండింటి ప్రకారం అతడు అదనపు గడువు, ఖర్చు కోరవచ్చును. వెండి పుస్తకం ప్రకారం సాధారణంగా ఆ నష్టం అతడిదే. అందుచేత టెండరు ధరలో ముందే దానిని కలుపుకొనును. టెండరు గడువుకు 28 రోజుల ముందటి తేదీ తరువాత చట్టం మారి ఖర్చు పెరిగినచో, 1999 నాటి మూడు నమూనాలలోను ఆ భారం యజమానిదే.

చౌటుప్పల్ రహదారి

చౌటుప్పల్ మీదుగా పోవు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (65) విస్తరణకు 2009లో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థతో జి.ఎం.ఆర్. సంస్థ ఒప్పందం చేసుకొన్నది. ఇది ఫిడిక్ నమూనా కాదు. నిర్మించి, కొంతకాలం నిర్వహించి, తిరిగి అప్పగించు పద్ధతి. పెట్టుబడిని టోలు ద్వారా రాబట్టుకోవలెను గనుక వాహనాలు తగ్గు నష్టభయము ప్రధానంగా నిర్మాణ సంస్థదే. చౌటుప్పల్ మండలంలోని పంతంగి టోలు గేటు ఈ దారిలోనిదే.

2014లో రాష్ట్రం విడిపోయినది. విభజన వలన, ఇసుకపై వచ్చిన ఆంక్షల వలన వాణిజ్య వాహనాలు తగ్గినవనియు, ఇది ఒప్పందములోని 'చట్టంలో మార్పు' నిబంధన క్రిందికి వచ్చుననియు నిర్మాణ సంస్థ పరిహారం కోరినది. అనగా వాహనాల తగ్గుదల మామూలు వ్యాపార నష్టమా, చట్టం తెచ్చిన నష్టమా అన్నదే వివాదము. 2020లో మధ్యవర్తుల మండలి మెజారిటీ తీర్పు విభజనను చట్టంలో మార్పుగా అంగీకరించినది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించినది. 2024లో ఉభయులు రాజీకి వచ్చిన పిదప, జూలై 1 నుండి టోలు వసూలు ప్రాధికార సంస్థ చేతికి వచ్చినది.

ఒకే నష్టమునకు ఒప్పందంలోని రెండు నిబంధనలు వర్తించునట్లు కనిపించినపుడు, దాని కారణమును బట్టియే భారం ఎవరిదో తేలునని ఈ వివాదము తెలుపుచున్నది.