144 హెర్ట్జ్‌లో తెల్ల చుక్కలు.. తప్పు మానిటర్‌దేనా?

కొత్త 27 అంగుళాల 1440పి మానిటర్. 60 హెర్ట్జ్‌లో సూపర్. 144 పెడితే మాత్రం తెరంతా తెల్ల చుక్కలు, మధ్యలో రెండు సెకన్లు బ్లాక్. రిటర్న్ గడువు రేపటితో ఆఖరు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశా, లాభం లేదు. గ్రాఫిక్స్ కార్డే పోయిందా? దాని ఈఎంఐ ఇంకా నడుస్తోంది!

చుక్కలు కనిపిస్తుండగానే మానిటర్ బటన్ నొక్కి దాని మెనూ తెరిచా. మెనూ నీట్‌గా ఉంది, చుక్కలన్నీ వెనకున్న విండోస్ మీదే. ఆ మెనూని మానిటరే గీసుకుంటుంది, పీసీ నుంచి రాదు. అంటే తేడా లోపలికొచ్చే సిగ్నల్‌లో ఉంది. మీకు మెనూ కూడా చెదిరితే ఆలోచించకండి, రిటర్న్ పెట్టేయండి.

100కి తగ్గిస్తే చుక్కలు మాయం. లెక్క చూస్తే అర్థమైంది. 1440పికి 60 హెర్ట్జ్‌లో సెకనుకు దాదాపు 5.6 గిగాబిట్లు చాలు, 144లో 14 కావాలి. హెచ్‌డీఎంఐ 2.0 మోసేదే 14.4. నేను పెట్టిందేమో పాత టీవీది, మూడు మీటర్ల కేబుల్.

మానిటర్ డబ్బాలో థర్మాకోల్ కింద డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ సీల్ కూడా తీయకుండా ఉంది. అది పెట్టా. 144లో రాత్రంతా గేమ్ ఆడా, ఒక్క చుక్క లేదు. పాత కేబుల్ మళ్లీ టీవీకే వెళ్లిపోయింది.