అట్టమీది బొమ్మ పాఠకులకు ఏం చెబుతుంది?

గాలికి ఎగిరే పైటచెంగు, కలువరేకుల్లాంటి కళ్లతో నాయిక, ఆమె వెనుక సూటు ధరించిన నాయకుడు, ఒక మూలన గులాబీ. తెలుగు ప్రేమ నవలల ముఖచిత్రాలు అనగానే చాలామందికి గుర్తుకొచ్చే దృశ్యమిది. కొన్నిసార్లు నవ్వు తెప్పించేంత నాటకీయంగా కనిపించే ఈ బొమ్మలను పాఠకులు నిజంగా ఎలా అంచనా వేశారన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

కళ కంటే గుర్తుకే ప్రాధాన్యం

బస్టాండులోనో రైల్వే స్టేషన్‌లోనో పుస్తకాల దుకాణం ముందు నిలబడిన ప్రయాణికునికి ఉండే వ్యవధి కొద్ది నిమిషాలే. పుర్రె బొమ్మ ఉంటే భయానక నవల, తుపాకీ ఉంటే డిటెక్టివ్ కథ, జంట కనిపిస్తే ప్రేమకథ. అరిగిపోయిన బొమ్మే ఇక్కడ అక్కరకొస్తుంది. కొత్తదనం ఎక్కువైతే పాఠకులు పుస్తకాన్ని గుర్తించలేకపోవచ్చు. అమెరికాలో 1970ల నుంచి చారిత్రక ప్రేమ నవలలపై కౌగిలింతలోని జంట బొమ్మలు విస్తరించడానికీ ఇది ఒక కారణం కావచ్చు.

తెలుగులో ఈ బొమ్మల తీరును ముద్రణ సాంకేతికత కూడా నిర్ణయించింది. బ్లాకులతో అచ్చువేసే కాలంలో కొద్ది రంగులు, స్పష్టమైన గీతలే అనుకూలం. బాపు గీసిన ముఖచిత్రాలు ఆ పరిమితిలోనే అందాన్ని సాధించాయి. ఆఫ్‌సెట్ ముద్రణ వ్యాపించాక నిండు రంగుల చిత్రాలు, వాటితోపాటు ఆర్భాటమూ పెరిగాయి.

పేరు చూసి ఎంపిక

అయితే తుది తీర్పు బొమ్మది కాదు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ల పేజీలను చించి, వరుసగా పేర్చి బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. ఆ పుస్తకాలకు ముఖచిత్రమే లేదు. పాఠకులు ప్రధానంగా రచయిత్రి పేరునే నమ్మారు. రచయిత్రుల హవా నడిచిన ఆ రోజుల్లో కొందరు పురుషులు సైతం స్త్రీల పేర్లతో రాయడం గమనార్హం.

నష్టం ఎవరికి?

పుస్తకం తెరవని వారు మాత్రం అట్ట చూసే తీర్పు చెప్పారు. స్త్రీల నవలలు కేవలం కాలక్షేపమన్న ముద్ర బలపడటంలో ఈ బొమ్మల పాత్రా ఉంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఇందుకు మంచి ఉదాహరణ. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వెలువడి, 1976లో చలనచిత్రమైన ఈ నవలలో రాజశేఖరం అందం, ఐశ్వర్యం ఎంత ప్రధానమో, ఉద్యోగం చేసుకుని బతికే జయంతి ఆత్మాభిమానం అంతకంటే ప్రధానం. జంట బొమ్మ ప్రేమను చూపగలదు కానీ, ఆత్మాభిమానాన్ని చూపడం కష్టం.

అరచేతిలో అట్ట

తెలంగాణ నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన సూరత్‌లో, భేస్తాన్, ఉధ్నా వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో తెలుగు పుస్తకాల దుకాణం పక్క వీధిలో దొరికేది కాదు. ఇలాంటి చోట్ల ఉన్న తెలుగు వారికి 2014లో ప్రారంభమైన ‘ప్రతిలిపి’ వంటి వేదికలు ఫోన్‌లోనే కథలను అందిస్తున్నాయి. అక్కడ ముఖచిత్రం బొటనవేలంతే. దానిపైనా తరచుగా కనిపించేది అదే జంట, అదే గులాబీ. బొమ్మ కథ జాతిని చెబుతుంది, మొదటి భాగం దాని విలువను చెబుతుంది. అనుభవమున్న పాఠకులు ఈ రెంటినీ ఎన్నడూ కలగాపులగం చేయలేదు.