మన సరుకు, మన పేరు

ఊరగాయయో, కారప్పొడియో, అప్పడమో యింటిలో జేసి యమ్ముకొని సంసారమునకు నాలుగు డబ్బులు చేర్చుకొను స్త్రీలు నేడు మన యూళ్లలో ననేకులు గలరు. ఉప్పుకారములు కొలుచుటలో వీరు చూపు శ్రద్ధ తమ సరుకునకు బెట్టుకొన్న పేరును గాపాడుకొనుటలో గానరాదు. అందువలన గలుగు నష్టమెట్టిదో, దానికి నివారణమేమో తెలుపుటకే యీ వ్యాసము.

నేనెఱిగిన యొక యిల్లాలు, భర్త గతించిన పిమ్మట, ఆవకాయయు గోంగూర పచ్చడియు బెట్టి యమ్మి, యిద్దఱు బిడ్డలను జదివించుకొనెను. సరుకునకు దన యమ్మమ్మ పేరు పెట్టి, యెఱ్ఱని కాగితముపై రోలు బొమ్మ వేయించి సీసాలకంటించెడిది. తొమ్మిదేండ్లలో నా పేరు చుట్టుపట్ల నంతటను వ్యాపించెను. అంతట పొరుగూరి వర్తకుడొకడు అదే పేరుతో, అదే యెఱ్ఱకాగితముతో, రోలునకు మాఱుగా రోకలి బొమ్మ వేసి, నాసిరకపు పచ్చడిని దుకాణములకు బంపసాగెను. కొన్నవారు వచ్చి, "అమ్మా, నీ పచ్చడికి బూజు పట్టుచున్నదేమి?" అని యామెనే నిలదీసిరి. "పచ్చడి వానిది, నింద నాది" అని యామె కంట నీరు పెట్టుకొనెను.

ఆమె వకీలు నాశ్రయించెను. నమోదు కాని పేరునకు సైతము న్యాయస్థానము రక్షణ మీయగలదు. కాని యా పేరు తనదిగా జనులెఱుగుదురనియు, ఎదుటివాని సరుకు చూచి వారు భ్రమపడుచున్నారనియు, అందుచే దనకు నష్టము గలుగుచున్నదనియు సాక్ష్యములతో రుజువు చేయవలసియుండును. తొమ్మిదేండ్ల యమ్మకములకు ఆమెయొద్ద ఒక్క రసీదైనను లేదు. తుదకామె యా పేరునే విడిచిపెట్టి, క్రొత్త పేరుతో మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చెను. ఈసారి మాత్రము మొదటి సీసా యమ్మకమునకు ముందే దరఖాస్తు పంపెను.

మన దేశమున ట్రేడుమార్కుల చట్టము మొదట 1940లో నేర్పడెను. నేడు అమలులోనున్నది 1999వ సంవత్సరపు చట్టము. ఇది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చెను. ఆహారపదార్థముల యమ్మకమునకు బొందిన లైసెన్సుగాని, పన్నుల శాఖ వారిచ్చిన సంఖ్యగాని పేరుపై హక్కునీయదు. ఈ భేదమును జక్కగా గుర్తింపవలెను.

ఇక పేరు నెంచుకొనుట. "కమ్మని పచ్చడి", "గుంటూరు కారము" వంటి పేర్లు సరుకు గుణమును, పుట్టిన చోటును దెలుపునవి మాత్రమే; అవి యందఱి సొత్తు గనుక సాధారణముగా నొకరికి జెందవు. దేవతల పేర్లు, పుణ్యగ్రంథముల పేర్లు మనకు బ్రీతికరములే. అయినను, అగరువత్తులకు రామాయణము పేరు పెట్టుకొని దానిపై హక్కు కోరిన వ్యాపారికి 2015లో సుప్రీంకోర్టు ఆ హక్కును నిరాకరించెను. కావున సరుకును వర్ణింపని పేరో, స్వయముగా గల్పించిన పేరో మేలు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో తలనొప్పి లేపనమును జేసి, అమృతము, అంజనము అను రెండు మాటలు గలిపి "అమృతాంజనము" అని పేరు పెట్టిరి. నూఱేండ్లు దాటినను ఆ పేరు వినగానే ఆ పసుపుపచ్చని లేపనమే మనకు దోచును.

పేరు కుదిరిన తోడనే, అట్టిది గాని దానిని బోలినది గాని యిదివఱకే నమోదైయున్నదేమో రిజిస్ట్రీవారి వెబ్‌సైటులో వెదకి చూడవలెను. దీనికి రుసుము లేదు. సరుకులును సేవలును 45 తరగతులుగా విభజింపబడియున్నవి. ఊరగాయలు 29వ తరగతికి, మసాలాలు 30వ తరగతికి, చీరలు 25వ తరగతికి జెందును. రెండు తరగతుల సరుకులమ్మువారు రెండింటికిని రుసుము చెల్లింపవలెను. వ్యక్తులకును చిన్న పరిశ్రమలకును ఇంటర్నెటు ద్వారా పంపు దరఖాస్తునకు తరగతికి రు. 4,500, ఇతరులకు రు. 9,000. మన రెండు తెలుగు రాష్ట్రములకును చెన్నపట్టణములోని కార్యాలయమే దిక్కు.

దరఖాస్తును బరీక్షించి అధికారులు ఆక్షేపణ తెలిపినచో, 30 దినములలో సమాధానమీయవలెను. ఆమోదించినచో దమ పత్రికలో బ్రకటింతురు. నాలుగు నెలలలో నెవ్వరును అడ్డు చెప్పనియెడల పేరు నమోదగును. ఆ హక్కు దరఖాస్తు పెట్టిన తేదీనుండియే చెల్లును. పది యేండ్లకొకసారి రుసుము చెల్లించి దానిని నిలుపుకొనవచ్చును. నమోదు కాకమునుపే వృత్తములోని ఆర్ అక్షరమును సీసాపై వేయుట చట్టవిరుద్ధము. అంతవఱకు టీఎం అను అక్షరములు వేసికొనవచ్చును. మఱియు నమోదైన పేరును అయిదేండ్లకు మించి వాడక విడిచినచో, ఇతరులు దానిని దొలగింపుమని కోరవచ్చును.

నమోదు చేయించినంత మాత్రమున గావలివాడు వచ్చి మన గుమ్మమున నిలుచుండడు. అనుకరణను గనిపెట్టి యెదుర్కొనవలసినది మనమే. కావున మొదటి దినమునుండియు రసీదులను, అచ్చువేయించిన కాగితములను దేదీలతో భద్రపఱుపుడు.

1959 మార్చి 15న బొంబాయిలోని గిర్‌గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల యప్పుతో అప్పడములు చేయసాగిరి. నేడు దేశమంతటను వేలాది స్త్రీలకు బని కల్పించుచున్న లిజ్జత్ సంస్థ యదియే. ఆ యప్పడములను దెచ్చుకొనువారు పేరు చూచియే కొందురు. మన చేతి రుచి మన బిడ్డలకు జీవనాధారమైనప్పుడు, ఆ రుచిని లోకమునకు దెలుపు పేరును వాకిట విడిచి తలుపు వేసికొనుట తగునా?