గుర్రం దొరది... గడ్డిమోపు ఎవరిది?

వరంగల్ నుంచి మహబూబాబాద్ వెళ్లే రైలు దారిలో నెక్కొండ ఓ చిన్న స్టేషన్. 1902 వేసవిలో ఈ ఊరి పక్క అడవికి దేశాన్నేలే వైస్రాయ్ భార్యాసమేతంగా వచ్చి మకాం వేశాడంటే నమ్ముతారా? లార్డ్ కర్జన్, లేడీ కర్జన్, వాళ్ల ముందు చచ్చిపడున్న పెద్దపులి... ఆ ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. కింద రాసుండే ఊరి పేరు నెక్కొండే. తీసింది నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సంస్థ.

కర్జన్ వచ్చింది పులి కోసమేనా? కాదు. ఆ పర్యటనలోనే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ను కూర్చోబెట్టి బేరార్ ప్రాంతాన్ని శాశ్వత కౌలుకి ఒప్పించాడు. కౌలు ఏడాదికి 25 లక్షల రూపాయలు. రాజకీయం ముందు, వేట తర్వాత! పెద్దల సరదాలన్నీ ఇలాగే ఉంటాయి. పైకి ఆట... లోపల వ్యవహారం.

ఆ మహబూబ్ అలీఖాన్ పేరు మీదే మన మానుకోట మహబూబాబాద్ అయిందంటారు. తొడిగిన దుస్తులు మళ్లీ తొడగడని, పులుల్ని గురి తప్పకుండా కొడతాడని ఆయన గురించి బోలెడు కథలున్నాయి. గుర్రాల పిచ్చి గురించి మాత్రం కథలు అక్కర్లేదు. మలక్‌పేట మైదానమే సాక్ష్యం. మొదట్లో హైదరాబాద్ గుర్రప్పందేలు మౌలాలీలో జరిగేవి. వాటిని 1886లో మలక్‌పేటకు మార్పించింది ఈయనే. ఆయన మహల్ మహబూబ్ మాన్షన్ పందేల మైదానానికి దగ్గర్లోనే ఉండేది. రాజుగారు పందేల దగ్గరికి పోవడం కాదు, పందేలే రాజుగారి దగ్గరికి వచ్చాయన్నమాట.

అంతేనా? ఆ రోజుల్లో నవాబులకు, పాయెగా అమీర్లకు, ఫౌజు అధికారులకు పోలో అంటే ప్రాణం. హైదరాబాద్‌లో ఎన్ని పోలో మైదానాలుండేవంటే... 1948 సెప్టెంబరులో భారత సైన్యం చేపట్టిన చర్యకు 'ఆపరేషన్ పోలో' అని పేరు పెట్టడానికి కారణం అదేనని చెబుతారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో ముగ్గురు సైనికుల విగ్రహాలు చూసే ఉంటారు. 1922లో నిలిపిన ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ లాన్సర్లకు గుర్తు. మిగతా ఇద్దరిలో ఒకరిది మైసూరు, ఇంకొకరిది జోధ్‌పూర్. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లిన అశ్వదళాలవి. ఆంధ్ర ప్రాంతపు జమీందార్లూ తక్కువ తినలేదు. కొలంక రాజా పేరుతో ఉన్న వెండి పోలో కప్పు ఎత్తు దాదాపు 6 అడుగులు. ప్రపంచంలో అంత పొడవైన ట్రోఫీ మరోటి లేదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మనిషంత కప్పు గెలిచినవాడు దాన్ని ఇంటికెలా తీసుకెళ్లాడో!

146 మోపులు!

హైదరాబాద్ వైభవం సరే. ఇక మన పల్లెలకొద్దాం.

గుర్రాన్ని కొనడం ఒక ఎత్తు, మేపడం పది ఎత్తులు. ఓ మాదిరి గుర్రం 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. రోజుకు 10 కిలోల ఎండుగడ్డయినా పడాలి. మీద దాణా. మన వైపు దాణా అంటే ఉలవల గుగ్గిళ్లే. (ఆ ఉలవలే ఇప్పుడు పెద్ద హోటళ్లలో ఉలవచారు బిర్యానీ అయ్యాయి, అది వేరే ముచ్చట!) రోజుకు 30, 40 లీటర్ల నీళ్లు. ఐదారు వారాలకోసారి నాడాలు మార్చాలి. మాలిష్ చేయడానికి, పేడ ఎత్తడానికి ఓ సాయిసు. పని చేసినా చేయకపోయినా మేత తప్పదు. 'గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు' అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు లెక్క వేయండి. రోజుకు 10 కిలోలంటే ఏడాదికి 3,650 కిలోల గడ్డి. మనిషి తలమీద మోపుకు 25 కిలోలనుకుంటే 146 మోపులు. ఒక్క గుర్రానికి! కోసేదెవరు? మోసేదెవరు? కూలీ ఎంత?

నిజాం రాజ్యంలో మూడో ప్రశ్నకు జవాబు చాలా తేలిక. కూలీ లేదు. దాని పేరే వెట్టి.

మాడపాటి హనుమంతరావు లాంటి వాళ్లు అక్షరాల్లో పెట్టకపోతే ఈ వెట్టి సంగతి బయటి ప్రపంచానికి తెలిసేదే కాదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం మొట్టమొదట చేపట్టిన పనుల్లో వెట్టి మీద పోరు ఒకటి. ఊళ్లో అధికారి మకాం వేశాడంటే చాలు, ఊరంతా ఆయనకు నౌకరే. కట్టెలు, గడ్డి, సామాన్లు మోయడం మాల మాదిగల వంతు. కుమ్మరి కుండలివ్వాలి, నీళ్లు మోయాలి. చాకలి బట్టలుతకాలి. గొల్ల గొర్రెనివ్వాలి. కోమటి దినుసులివ్వాలి. సర్కారు మనిషికి చేసే వెట్టి ఇదైతే, గడీలో దొరకు చేసేది ఏడాది పొడవునా ఉండేది. 1920ల్లోనే నిజాం ప్రభుత్వం వెట్టి చెల్లదంటూ ఫర్మానా ఇచ్చింది. కానీ కాగితం మీది ఫర్మానా గడీ గోడ దాటి లోపలికి పోలేదు.

జనగామ పక్కన విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పేరు వినని వాళ్లు తెలంగాణలో తక్కువ. 60 ఊళ్లలో 40 వేల ఎకరాలు ఆయన చేతిలో ఉండేవని చరిత్రకారుల లెక్క. అలాంటి గడీ ముందు నుంచి పోయే రైతు చెప్పులు చేతబట్టుకోవాలి, బండి మీదుంటే దిగి నడవాలి. గుర్రం ఎక్కే హక్కు ఎవరికి ఉందో వేరే చెప్పాలా! ఆ రోజుల్లో పల్లెల్లో గుర్రమంటే సవారీ కాదు, ఎత్తు. పైనున్నవాడికి అందరూ కిందే కనబడతారు. దొర బండి ముందూ వెనకా పరుగెత్తడం కూడా వెట్టిలో భాగమే. చక్రాలూ డెక్కలూ ముందుకు పోతుంటే వట్టికాళ్ల మనిషి వాటితో సమానంగా ఉరకాలి. ఇందులో సరదా ఎవరిదో, ఆయాసం ఎవరిదో తెలుస్తూనే ఉంది.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలంలో పండిన పంటను ఎత్తుకుపోవాలని చూసింది ఈ దేశ్‌ముఖ్ మనుషులే. సంఘం కార్యకర్తలు అండగా నిలిచి ఆ ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు దొర తల్లి ఉండే గడీ దగ్గరికి రాగానే తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కణ్నుంచి ఏం జరిగిందో తెలంగాణలో పిల్లాడు కూడా చెబుతాడు. గడ్డిమోపులు మోసినవాళ్లే ఈసారి గుత్పలు పట్టుకున్నారు.

ఏడు వేల గుర్రాల కప్పం

ఈ గుర్రాల మోజు నిజాములతో మొదలైందనుకుంటే పొరపాటు. భూపాలపల్లి దగ్గర గణపురంలో కోటగుళ్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు శిల్పాలు చూసి మురిసిపోతారు. ఆ గుళ్లు కట్టిన కాకతీయుల కాలంలో గుర్రం విలాసం కాదు, ప్రాణావసరం. అశ్వదళాన్ని చూసే అధికారిని సాహిణి అనేవారు. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు సంధికి ఇచ్చుకున్నది 100 ఏనుగులు, 7 వేల గుర్రాలని బరనీ రాశాడు. చరిత్రకారుడి అంకెల్లో కాస్త అతిశయం ఉన్నా, మన గుర్రపు లెక్క ప్రకారం 7 వేల గుర్రాలకు రోజుకు 70 వేల కిలోల గడ్డి! ఆ గడ్డి ఎక్కణ్నుంచి వచ్చిందో బరనీ రాయలేదు.

దక్షిణాది రాజులు గుర్రాల కోసం అరబ్బు, పారశీక రేవుల మీదే ఆధారపడేవారు. తమిళ తీరం చూసిన మార్కోపోలో మరో తమాషా రాశాడు. ఏటా వేల గుర్రాలు ఓడల్లో దిగేవట, ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చిపోయేవట. నాడాలు వేసేవాళ్లు లేరు, మేపడం తెలియదు. మాంసంతో వండిన అన్నం పెట్టేవారట పాపం! అమ్మేవాళ్లకు మాత్రం బేరమే బేరం.

సాల మారింది

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. ఉచితంగా మోపు తెచ్చేవాడు లేకపోయాక పల్లెల్లో గుర్రపుసాలలు ఖాళీ అయ్యాయి. జనగామ, మానుకోట బజార్లలో ఇప్పుడు గుర్రం కనిపిస్తే అది పెళ్లి బరాత్‌కు కిరాయికి వచ్చిందే. అప్పట్లో గడీ వీధిలో చెప్పులు విప్పి నడిచినవాళ్ల మనవలు అదే వీధిలో బ్యాండుమేళంతో గుర్రమెక్కి ఊరేగుతున్నారు.

సరదా మాత్రం చావలేదు. పట్నం చేరింది. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. మధ్యలో సికింద్రాబాద్‌కు పోయిన పందేలు 1968లో మళ్లీ మలక్‌పేటకొచ్చాయి. పోలో కూడా కొత్త దుస్తులు వేసుకుంది. కేంద్రమంత్రిగా చేసిన చిరంజీవి కుమారుడు రాంచరణ్ పేరు మీద హైదరాబాద్‌లో ఓ పోలో జట్టే వచ్చింది. ఇప్పుడు గడ్డి కోసేవాడికి జీతం ఉంది, పెట్టేవాడికి సొంత సంపాదన ఉంది. అభ్యంతరం ఏముంటుంది?

అయినా రాజకీయాల్లో గుర్రం కాస్త ప్రమాదకరమైన జంతువే. 2012లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడ్డ మిట్ రోమ్నీని అడగండి. ఆయన భార్య యాన్ సహ యజమానిగా ఉన్న రఫాల్కా అనే గుర్రం ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌కు వెళ్లింది. సంగీతానికి తగ్గట్టు అడుగులేసే ఆట అది. పతకం రాలేదు. కానీ 2010 ఆదాయపు పన్ను పత్రాల్లో ఆ గుర్రం ఖాతాలో దాదాపు 77 వేల డాలర్ల నష్టం చూపించారని బయటపడింది. టీవీ హాస్య కార్యక్రమాలకు పండగే పండగ. సామాన్యుడి కష్టం ఈయనకేం తెలుసంటూ ప్రత్యర్థులు ఆడేసుకున్నారు.

మన దేశంలోనూ ఈ ఆటల్లో ప్రతిభకు కొదవలేదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం కొట్టింది. అశ్వక్రీడల్లో 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారం. అయితే ఆ నలుగురు రైడర్లూ ఏళ్లతరబడి ఐరోపాలో ఉండి సాధన చేసినవాళ్లే. గుర్రం కొనడానికి, అక్కడ ఉంచడానికి కుటుంబం పెట్టుకోవాల్సిన ఖర్చు మామూలుది కాదు. మన కబడ్డీ పిల్లలకు పాదాలే పెట్టుబడి, అక్కడ పెట్టుబడికి నాలుగు కాళ్లు.

ఇక పందేల సంగతి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడినదే తప్ప జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను మాత్రం లాటరీ, కేసినోలతో సమానంగానే వేస్తున్నారు. 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది.

పరుగు ఆగిపోయిన గుర్రాల మాటేమిటి? 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను లారీల్లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి పల్లెకు తరలించారు. వారాలు తిరక్కముందే వాటిలో పలు గుర్రాలు చచ్చిపోయాయి. జంతుప్రేమికులు గొడవ చేయడంతో సంగతి అక్కడి హైకోర్టు దాకా వెళ్లింది.