రాజ్యపత్రములు: అధ్యక్షుని కార్యాలయమున దూరదేశముల ప్రసక్తి

ఆళ్లగడ్డకు సమీపమున నున్న అహోబల క్షేత్రమును దర్శించినవారు అచ్చటి శ్రీకృష్ణదేవరాయల శాసనమును చూచియే యుందురు. శాసనము నలుగురును చదువుటకై శిలపై చెక్కింపబడినది. ప్రభువు లోకమునకు తెలుపదలచిన విషయమే అందుండును. ఆ నిర్ణయమునకు ముందు మంత్రులేమి యాలోచించిరో, ఎవ్వరు కాదనిరో, ప్రభువు ఎట్లు సమాధానపడెనో శిల మనకు చెప్పదు. ఈ లోపలి సంగతులను తెలుపునవి వేరు. అవియే రాజ్య కార్యాలయ పత్రములు. ఇవి లోకమునకై వ్రాయబడినవి కావు. కార్యము నడుపుటకై వ్రాయబడి, పనిదీరిన పిమ్మట పెట్టెలలో భద్రపరుపబడినవి.

ఇట్టి పత్రములు పలువిధములు. దూరదేశముననున్న రాయబారి పంపిన తంతి వార్తలు, సలహాదారులు అధ్యక్షునికి సమర్పించిన నివేదికలు, ఇరుదేశముల పెద్దలు జరిపిన సంభాషణల వ్రాతలు, పంపదలచిన లేఖల చిత్తుప్రతులు, వాని అంచులయందు అధ్యక్షుడు స్వహస్తముతో వ్రాసిన ముక్కలు, ఇవన్నియు వీనిలో చేరును.

వీనిని పదిలపరచు పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రములలో విశేషముగా పెంపొందినది. పూర్వము అచ్చట అధ్యక్షుని పత్రములు ఆయన సొంత ఆస్తిగా నెంచబడుచుండెను. పదవి విడిచినవారు వానిని ఇంటికి గొనిపోవుచుండిరి. అందు కొన్ని చెడెను, కొన్ని కాలిపోయెను. ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు తన పత్రములను ప్రభుత్వమున కొసగి, వానికొక గ్రంథాలయమును నెలకొల్పెను. 1978వ సంవత్సరపు చట్టము వలన, 1981 మొదలుకొని అధ్యక్షుల అధికారపత్రములు ప్రజల సొత్తైనవి. 1977 నుండి 1981 వరకు అధ్యక్షుడుగా నుండిన జిమ్మీ కార్టరు పత్రములు జార్జియా రాష్ట్రమందలి అట్లాంటా నగరమున, 1986లో తెరువబడిన గ్రంథాలయమున నున్నవి. అమెరికాకు దూరదేశమైన మన భారతదేశమును గూర్చిన పత్రములును వానిలో గలవు.

ఆ కాలపు వ్యవహారమునకును మన నంద్యాలకును సంబంధము లేకపోలేదు. 1977 నాటి ఎన్నికలలో ఆంధ్రప్రదేశమందలి 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసునకు దక్కగా, నంద్యాల యొక్కటి మాత్రము జనతా పక్షమునకు దక్కెను. ఇచ్చట గెలిచిన శ్రీ నీలం సంజీవరెడ్డిగారు మొదట లోకసభాపతియై, అదే సంవత్సరము జూలై 25వ తేదీన రాష్ట్రపతి పదవి నధిష్ఠించిరి. 1978 జనవరి 1వ తేదీన కార్టరు ఢిల్లీకి వచ్చినప్పుడు మనదేశమునకు రాష్ట్రపతి ఆయనయే. ప్రధానమంత్రి శ్రీ మొరార్జీ దేశాయిగారు. కార్టరు తల్లి లిలియను అంతకు పదేండ్లకు పూర్వము బొంబాయి చెంతనున్న విఖ్రోలిలో సేవచేసి యుండెను. కార్టరు దర్శించిన హర్యానా గ్రామమొకటి అప్పటినుండి కార్టరుపురి యని పిలువబడుచున్నది.

పైకి ఇంత స్నేహము కనబడుచున్నను లోపల నొక చిక్కు గలదు. మహారాష్ట్రమందలి తారాపూరు అణువిద్యుత్కేంద్రమునకు కావలసిన యురేనియమును అమెరికా ఇచ్చునట్లు 1963లో ఒడంబడిక జరిగెను. 1974లో మనదేశము పోఖ్రానులో అణుపరీక్ష చేసినది మొదలు, మన అణుకేంద్రముల నన్నిటిని పరిశీలనకు తెరువవలెనని అమెరికా పట్టుబట్టెను. మనవారు సమ్మతింపలేదు. ఆ ప్రయాణమందే కార్టరు తన విదేశాంగ మంత్రి వాన్సుతో, దేశాయిగారికి కఠినముగా లేఖ వ్రాయవలెనని మెల్లగా పలికెను. దగ్గరనున్న మైక్రోఫోను ఆ మాటలను పట్టుకొనుటచే అవి పత్రికల కెక్కెను. పత్రముల పెట్టెలో నుండవలసిన మాట ఆనాడే బయటపడినదన్నమాట!

ఆ మార్చినెలలోనే కార్టరు అణుసామగ్రి ఎగుమతిని బిగించు చట్టముపై సంతకము చేసెను. అయినను 1980లో, అమెరికా అణునియంత్రణ సంఘము యురేనియము పంపరాదని తీర్మానించినను, కార్టరు 38 టన్నులు పంపుటకు ఉత్తరువిచ్చెను. దిగువసభ దానిని నిరాకరించెను. సెనేటు 48కి 46 ఓట్లతో అంగీకరించెను. ఉభయసభలును నిరాకరించిననే గాని ఉత్తరువు రద్దుకాదు గనుక అది నిలిచెను. కఠినముగా వ్రాయదలచినవాడు మెత్తబడుటకు కారణమేమి? 1979 డిసెంబరులో సోవియెట్ సేనలు ఆఫ్గనిస్తానమున ప్రవేశించుటచే, భారతదేశముతో మైత్రిని చెడగొట్టుకొనుట కాలోచితము కాదని అమెరికావారు తలచిరి. ఒక్కొక్క నిర్ణయము వెనుక ఇట్టి లెక్కలెన్ని యుండునో తెలుపుటకే పత్రములు.

ఇవి వెంటనే అందరి చేతికి రావు. అధికారులు ఒక్కొక్క పుటను పరిశీలించి, దేశరక్షణకు భంగము కలిగించు పంక్తులను మరుగుపరచి, తక్కినవి విడుదల చేయుదురు. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుండి ఇట్టి పత్రములను సంపుటములుగా ప్రచురించుచున్నది. కార్టరు కాలపు దక్షిణాసియా సంపుటము 2019లో, అనగా సుమారు నలువది సంవత్సరములకు వెలువడెను.

అయితే పత్రమున నున్నదంతయు సత్యమని నమ్మరాదు. రాయబారి తాను విన్నదే వ్రాయును. సలహాదారు తన పక్షమునే బలపరచును. కావున విద్యార్థులు ఏ పత్రమును చదివినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఎవరు వ్రాసిరి? ఎవరికి వ్రాసిరి? ఎప్పుడు వ్రాసిరి? అంతకంటె ముఖ్యముగా, ఎదుటిపక్షము వ్రాత ఎక్కడనున్నది?

ఈ కడపటి ప్రశ్న మనకు మిక్కిలి ముఖ్యమైనది. అట్లాంటా పెట్టెలలో నున్నది అమెరికావారు చూచిన భారతదేశము. మనవారి ఆలోచనలు మన దస్త్రములలో నుండవలెను. ఇందులకై మన దేశమున 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టము చేయబడెను. అప్పటి ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావుగారు 1991 ఉపఎన్నికలో నంద్యాల నుండి లోకసభకు వెళ్లినవారే. ఈ పద్ధతిని బట్టి 25 సంవత్సరములు నిండి, నిలుపదగిన దస్త్రములు ఢిల్లీలోని జాతీయ పత్రభాండాగారమునకు చేరవలెను. మన దస్త్రములు చెదలపాలైనచో, మన కథను ఇతరుల కాగితములనుండియే నేర్చుకొనవలసివచ్చును. సాక్షి యొక్కడే యున్న వ్యాజ్యములో తీర్పు ఒకవైపే మొగ్గును గదా.

ఈ ధర్మము ఢిల్లీవారికి మాత్రమే కాదు. పాఠశాల రిజిస్టర్లు, దేవాలయపు బాప్తిస్మపు పుస్తకములు, గ్రామపు భూమి లెక్కలు, ఇంటిలోని పాత ఉత్తరములు, ఇవియు చరిత్రకు సాక్షులే. వానిని తడికి, చెదకు, అగ్గికి అప్పగింపక, తేదీ వ్రాసి పొడిచోట దాచుట చిన్నపనియే. అహోబలపు శిల అయిదువందల యేండ్లు తనంతట తాను నిలిచినది. కాగితము అట్లు నిలువలేదు. దానిని నిలుపువారు మనుష్యులు కావలెను.