నీతి ఎవరి సొత్తు? స్టువర్టుపురం చెప్పే సాక్ష్యం

నీతి ఎక్కడి నుంచి వస్తుందన్న వాదం మన దగ్గర ఎప్పుడు మొదలైనా రెండు పక్షాలుగా చీలిపోతుంది. దైవభీతి లేకపోతే మనిషి చెడిపోతాడని ఒకరంటారు. చదువూ శాస్త్రజ్ఞానమూ పెరిగితే మనిషి తనంతట తానే బాగుపడతాడని ఇంకొకరంటారు. ఉదాహరణలకు ఇద్దరికీ కొదవలేదు కాబట్టి ఆ వాదం ఎన్నటికీ తెగదు. తెగాలంటే మతమూ, శాస్త్రమూ, నాస్తికత్వమూ ఒకే జనం మీద పనిచేసిన చోటు ఏదైనా చూడాలి. అలాంటి చోటు బాపట్ల దగ్గరే ఉంది. 1991లో చిరంజీవి సినిమా పేరులో, 2023లో రవితేజ సినిమా కథలో మనకు కనిపించిన స్టువర్టుపురం అది. దొంగల ఊరన్న ముద్ర ఆ ఊరికి ఎలా పడిందో, ఎవరు వేశారో, దాన్ని చెరపాలని ఎవరు చూశారో గమనిస్తే ఈ వాదంలో ఇరుపక్షాలూ చెప్పని సంగతి ఒకటి బయటపడుతుంది.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఈ దేశంలో వడ్రంగం, నేతపని తండ్రి నుంచి కొడుకుకు వస్తున్నట్టే నేరం కూడా వంశపారంపర్యంగా వస్తుందన్నది ఆ చట్టం వెనకున్న తర్కం. 1911 సవరణతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక కులాన్ని నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు. వేళ తప్పకుండా పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, చీటీ లేనిదే ఊరు దాటకూడదు. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడిలో పెట్టే అధికారం కూడా అందులో ఉంది. ఇదంతా మూఢనమ్మకం పేరుతో జరగలేదు. పుట్టు నేరస్థుణ్ణి శరీర లక్షణాలను బట్టి గుర్తుపట్టవచ్చని ఇటలీ వైద్యుడు లొంబ్రోసో 1876లో పుస్తకమే రాశాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని దక్షిణాది కులాల తలలూ ముక్కులూ కొలిచాడు, ఆ విద్య మీద పోలీసు అధికారులకు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆనాటి చదువుకున్నవాళ్ల కళ్లకు ఇదంతా శాస్త్రమే.

అలా నేరస్థ జాతిగా ముద్రపడ్డ ఎరుకల వాళ్ల బతుకు ఎందుకు చితికిపోయిందో తెలుసుకోవడానికి తలలు కొలవనక్కర్లేదు, రైలు పట్టాలను చూస్తే సరిపోయేది. కోస్తా నుంచి ఉప్పును పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి అమ్మడం, తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చుకోవడం వాళ్లలో చాలామందికి జీవనాధారం. రైళ్లు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ వ్యాపారం పడిపోయింది. దానిమీద 1876-78 కరువు వచ్చిపడింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ క్రమాన్ని వివరంగా చూపించారు. దొంగతనాలు అసలు జరగలేదని ఎవరూ అనరు. ఇల్లు దోచుకోబడ్డ రైతు కష్టమూ కష్టమే. అయితే కారణం వెతికే పద్ధతి తెలిసిన ప్రభుత్వం బజారునూ పన్నునూ వదిలేసి రక్తంలో కారణం వెతికింది. తన విధానాల వల్ల కలిగిన నష్టాన్ని ఎదుటివాడి పుట్టుకకు అంటగట్టడం దానికి సులువు, చవక కూడా.

ఇక మతం సంగతి. ఈ ఎరుకల వాళ్ల కోసం స్టువర్టుపురాన్ని 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా నెలకొల్పారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. ఆ సంస్థను ఈ దేశానికి తెచ్చిన బూత్ టక్కర్ ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకుని, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్న మనిషి. అతని త్యాగాన్ని శంకించలేం. నేరస్థుడు కూడా దేవుడి బిడ్డే, మారగలడు అన్న ఆ సంస్థ నమ్మకం, పుట్టుకతోనే దొంగ అన్న సర్కారు మాట కన్నా ఎన్నో రెట్లు మేలు. బడి, పొలం, పని అన్నీ వచ్చాయి. చీరాల పొగాకు కంపెనీలో కూలి కూడా దొరికింది. కానీ హాజరు పట్టీ అలాగే ఉంది, చీటీ కూడా అలాగే ఉంది. పారిపోతే పట్టుకొచ్చే పోలీసూ ఉన్నాడు. ప్రార్థన చేయించేవాడే చీటీ ఇచ్చేవాడు అయితే, ఎదుటివాడి పశ్చాత్తాపం నిజమో భయమో తేల్చేదెవరు? ఆత్మను రక్షించాలని వచ్చినవాళ్లు, ఆ ఆత్మగలవాడికి కాదనే వీలు మాత్రం ఇవ్వలేదు.

ఇక్కడ శాస్త్రం పక్షాన ఒక ఆక్షేపణ వస్తుంది. లొంబ్రోసోది కుహనా శాస్త్రం, అసలు శాస్త్రం తన తప్పు తానే దిద్దుకుంటుంది కదా అని. నిజమే, ఆ సిద్ధాంతాన్ని తర్వాతి శాస్త్రవేత్తలే కొట్టిపారేశారు. కానీ చట్టం పోయింది ప్రయోగశాల నివేదికతో కాదు. 1947లో మద్రాసు రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. దేశమంతటా ఏం చేయాలో తేల్చడానికి 1949లో వేసిన సంఘానికి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుపతి వైపు మనిషి, వైష్ణవ సంప్రదాయంలో పెరిగినవాడు, తర్వాత లోక్‌సభ స్పీకరు అయ్యాడు. ఆ సంఘం రద్దుకే సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. తన తప్పు తాను దిద్దుకునే గుణం శాస్త్రానికి ఉన్నమాట నిజమే, ఎప్పుడు దిద్దుకోవాలో చెప్పే తొందర మాత్రం దానిలో లేదు. అప్పటికి ఎనభై ఏళ్లు గడిచాయి.

చట్టం పోయినా ముద్ర పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, హేమలత దంపతులు ఆ ఊరికి వెళ్లారు. లవణం నాస్తికుడు గోరా కొడుకు. 1930 ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా ఆయనకు ఆ పేరు పెట్టారు, ఉప్పు వ్యాపారం పోగొట్టుకున్న జనం దగ్గరికే ఆయన వెళ్లడం కాకతాళీయం. హేమలత మహాకవి జాషువా కూతురు. అస్పృశ్యత ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలిసిన మనిషి. వాళ్లు ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు, నేరాలు మానుకోమని ఒప్పించారు, మానినవాళ్లకు బతుకుతెరువు చూపించమని సర్కారును అడిగారు. నాస్తికులు కాబట్టే ఇది సాధ్యమైందని చెప్పుకోవడం మాత్రం తొందరపాటు. లవణం భూదాన యాత్రలో వినోబా భావేకు దుబాసీగా నడిచాడు. వినోబా మాట విని చంబల్ దొంగలు లొంగిపోయిన ఉదంతం ఈ దంపతులకు ముందున్న దారి. దేవుణ్ణి నమ్మని మనిషి పద్ధతి, దేవుణ్ణి నమ్మే మనిషి దగ్గర నేర్చుకున్నది.

అప్పుడు ఆస్తికులు అనవచ్చు, చూశారా, నాస్తికుల నీతి కూడా మతం పెట్టిన భిక్షేనని. ఆ మాటలో కొంత నిజముంది. కరుణ, పశ్చాత్తాపం వంటి మాటలు వేల ఏళ్లుగా మతాల ఒడిలోనే పెరిగాయి, వాటిని ఎవరూ కొత్తగా కనిపెట్టలేదు. కానీ పుట్టుకను బట్టి వృత్తి, వృత్తిని బట్టి విలువ అన్న ఆలోచనా మతాల ఒడిలోనే పెరిగింది. 1871 చట్టం తర్కం అరువు తెచ్చుకున్నది దాన్నే. ఒకే ఒడిలోంచి రెండూ వస్తే ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఆ ఒడి చెప్పదు. ఎంచుకునే పని మనిషిది. మరి ఎంచుకోవడానికి కొలత ఏది, ఎవరిష్టం వాళ్లదేనా అంటే, స్టువర్టుపురమే ఒక కొలత చూపిస్తోంది. ఎవరి మీద తీర్పు చెబుతున్నామో వాళ్లు తిరిగి జవాబు చెప్పగలిగే వీలుందా, లేదా? ఆ వీలు లేని చోట శాస్త్రం తలలు కొలిచింది, మతం హాజరు పిలిచింది. ఆ వీలు ఉన్న చోట భక్తుడైన అయ్యంగారూ నాస్తికుడైన లవణమూ ఒకే గట్టుకు చేరారు. బతుక్కి అర్థం ఎవరు ఎక్కడ వెతుక్కున్నా నాకు పేచీ లేదు. పక్కవాడికి విలువ కట్టేటప్పుడు మాత్రం, నేను నమ్మిన గ్రంథం ఏదైనా సరే, వాడి మాట విన్నానా లేదా అన్నది తేల్చుకోవాల్సిందే.

ఈ లెక్క ఇంకా పూర్తిగా తీరలేదు. నేరస్థ జాతుల చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్లకు, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల మనుషులను పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా లెక్కకట్టే నియమాలు అప్పటికీ జైలు మాన్యువళ్లలో ఉన్నాయి. అవి రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది.